హైదరాబాదు నగరమును బంజారాజాతియును

ఈ సంవత్సరము మన మహాసభకు వరంగల్లు, ఖమ్మము, నల్లగొండ, మహబూబునగరము మొదలగు జిల్లాలనుండి వచ్చు సోదరసోదరీమణులలో పెక్కురు సికింద్రాబాదు స్టేషనున దిగి, అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా బంజారాహిల్సు చేరుదురు. ఈ త్రోవ ఆరేడు మైళ్ళకు మించదు. మన పూర్వుల పెరికెద్దులు ఒక దినమున నడచెడి దూరమును ఇంచుమించు ఇంతియే. దిగిన రైలు మన వృత్తిని తీసికొనిపోయినది. చేరబోవు కొండ మన పేరు పెట్టుకొన్నది. ఈ రెంటికిని నడుమ జరిగినదేమో మన పిల్లలకు తెలియదు, పెద్దలకును కొంతయే తెలియును. అందుచేత సంఘమువారు ఈ సంచికకు వ్యాసము కోరినప్పుడు మేము వేరు విషయము వెదకికొనక, ఆంగ్లేయుల ప్రాబల్యము హైదరాబాదు నగరజీవనము నెట్లు మార్చినదో, ఆ మార్పులో మన జాతి యేమైనదో యను సంగతినే ఎత్తికొంటిమి.

మనవారు లదేణి యను వృత్తి, ఎద్దుల వీపున గోణెలు వేసి ధాన్యము, పప్పు, ఉప్పు ఒక సీమనుండి మరియొక సీమకు చేరవేయుట. బండి పోలేని కనుమలయందును, వంతెన లేని యేళ్ళయందును ఎద్దు పోగలదు. 1591లో ముహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారు నెత్తించి నగరమును వెలయించినప్పుడు ఈ నగరమునకు రేవు లేదు. మూసీనదిలో సరకు పడవలు నడువవు. నగరము నోటికి అన్నమందవలెనన్నచో ఎద్దు వీపో, ఎద్దు బండియో తప్ప వేరు దారి లేదు. గోలకొండకోటకు పోవు దారిలో పురానాపూలు దాటినపిదప వచ్చు పేటకు కార్వానని నేటికిని పేరు. బిడారులు దిగిన చోటగుటచే ఆ పేరు కలిగినది. అచ్చట దిగిన బిడారులన్నియు మనవేయని మేము చెప్పము. ఒంటెలవారును, గుఱ్ఱములవారును, గుజరాతీ సాహుకార్లును అందుండిరి. కాని దక్కనున ధాన్యపు బిడారన్నచో ముఖ్యముగా మనవారిదే.

మన పూర్వులు వ్రాసికొన్నది లేదు. పరదేశులు చూచి వ్రాసికొన్నది కొంత కలదు. 1632లో పీటర్ మండీ యను ఆంగ్లయాత్రికుడు ఉత్తరదేశమున 14,000 ఎద్దులు గల తాండా నొకదానిని చూచెను. వజ్రములకై గోలకొండకు పలుమారు వచ్చిన ఫ్రెంచివర్తకుడు తావెర్నియే 10,000, 12,000 ఎద్దుల గుంపులను గూర్చి వ్రాసి, ఇట్టి తాండా ఇరుకుదారిన ఎదురైనచో బాటసారి రెండుమూడు దినములు ప్రక్కన నిలిచి దారి విడువవలసి యుండెనని తెలిపెను. ఈ సంచారులు నాలుగు తెగలవారనియు, ధాన్యమున కొక తెగ, బియ్యమున కొకటి, పప్పున కొకటి, ఉప్పున కొకటి యుండెననియు అతడే చెప్పెను. ఆ విభాగము అంత కచ్చితముగా నుండెనా యనునది మాకు సందేహమే. దారిప్రక్కన గుడారములో కూర్చుండి విన్న మాటలు అట్లే యుండును. గుంపునకు ముందు ఎఱ్ఱని పట్టుగుడ్డలతో, ఇత్తడిగంటలతో అలంకరింపబడిన హటాడియా యను దేవుని యెద్దు నడచెడిది. దానిపై బరువు వేయరు. అది నిలిచినచోటనే తాండాకు ఆనాటి మజిలీ.

యుద్ధకాలములయందు ఇరుపక్షముల సైన్యములును తాండా జోలికి పోకుండెడి ఆచార మొకటి యుండెను. దానికి దయ కారణము కాదు. నేడు ఎదుటివానికి ధాన్యమమ్మిన నాయకుడు రేపు తమకును అమ్మునని ఇరువురకును తెలియును. షాజహాను కాలమున దక్కనుపై దండెత్తిన ఆసఫ్‌ఖాను, భంగి, జంగి యను నాయకులకు బంగారుటక్షరములు గల రాగిరేకు నిచ్చి గౌరవించెనను కథను కంబర్లెజి యను ఆంగ్లోద్యోగి బేరారున మనవారినుండి విని వ్రాసికొనెను. వారి యెద్దులు 1,80,000 అని ఆ కథ చెప్పును. లెక్క పెద్దదిగా చెప్పికొనియుందురు; అయినను మొగలుసేన మన వీపుమీద దక్కనునకు దిగినదనుట అబద్ధము గాదు. తరువాత 1791-92 మైసూరుయుద్ధమున కారన్‌వాలిసు సైన్యమునకును, 1803 మహారాష్ట్రయుద్ధమున ఆర్థరు వెల్లస్లీ సైన్యమునకును ధాన్యము మోసిన యెద్దులలో మన యెద్దులు మిక్కుటముగా నుండెను. ఈ మాట పాఠకులు మనస్సున నుంచికొనవలెనని కోరుచున్నాము. దీనితో పని ముందు కలదు.

ఆంగ్లేయులు హైదరాబాదును కత్తితో గెలిచినవారు గారు. 1798లో నిజామలీఖాను వారితో సైన్యసహాయపు సంధి చేసికొనెను. ఆ సైన్యపు ఖర్చులకై 1800లో బళ్ళారి, కడప సీమలను వారి కిచ్చివేసెను. మన సేవాలాల్ మహారాజు 1739లో గుత్తిప్రాంతమున జనించెనని సంప్రదాయము; ఆ గుత్తియు అట్లు కుంపిణీవారి దయ్యెను. నగరమున వారికి కావలసినవి రెండే: రాయబారి కొక భవనము, సైన్యమున కొక మైదానము. మూసీ యుత్తరపుగట్టున చాదర్‌ఘాటు దగ్గర 1803లో ఆరంభమై మూడేండ్లలో ముగిసిన రెసిడెన్సీభవనము మొదటిది. తరువాతికాలమున ఆడపిల్లల కళాశాలయై కోఠీలో నేటికిని నిలిచియున్నది. 1806లో హుస్సేనుసాగరమునకు ఉత్తరమున, సికందర్‌జాహ్ పేర వెలసిన సికింద్రాబాదు దండుపేట రెండవది.

ఈ రెండు చోటుల వలన ఒక్క నగరము మూడు నగరములైనది. చార్మినారు చుట్టు నిజాముగారి శాసనము. రెసిడెన్సీ బజారులలోను సికింద్రాబాదులోను ఆంగ్లేయుల చట్టము. ఇటు హాలీసిక్కా, అటు కల్దారు రూపాయ. సరకు ఒక్కటే, కొనువాడు ఒక్కడే, కాని సాగరపు కట్ట దాటినంతనే నాణెము మారును, న్యాయాధికారి మారును. రెసిడెన్సీ బజారులు 1933లో తిరిగి నిజామునకు చేరి సుల్తాన్‌బజారను పేరు పొందినవి. సికింద్రాబాదు పౌరభాగము 1945లో తిరిగివచ్చెను. అనగా సుమారు నూటనలుబది సంవత్సరము లీ ద్వంద్వము సాగినది. నేడును సికింద్రాబాదువారు తమ ఊరు వేరని అనుకొనుట అందుచేతనే. మేమది తప్పని అనము.

మొదటి యేబది అరువది సంవత్సరములు ఈ మార్పు మనకు నష్టము చేయలేదు, పైగా లాభించినది. దండున్నచోట తిండి కావలెను. సముద్రతీరమునుండి ఉప్పు లోపలికి, లోపలి ధాన్యము తీరమునకు, మధ్య దండుపేటకు బియ్యము, గోధుమ, గ్రాసము: తాండాలకు చేతినిండ పని. తెల్లవాడు వచ్చినదినముననే మన యన్నము పోయినదని మన సభలలో వక్తలు చెప్పుట కలదు. అది సరికాదు. వచ్చినదినమున అతడు మన ఖాతాదారు. పిమ్మట తెచ్చిన దొకటి యున్నది, అది మనలను ముంచినది.

1874లో వాడీనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. ఆ ఖర్చు నిజాముగారి ఖజానాదే. కాని బొంబాయిరైలుతో సికింద్రాబాదు దండును కలుపవలెననునది ఆంగ్లేయుల అవసరము. వాడీనుండి ఇచ్చటికి సుమారు 120 మైళ్ళు. పెరికెద్దు ఆ దూరము నడచుటకు ఇంచుమించు మూడువారములు పట్టును. ఒక యెద్దు మోయునది నూరు కిలోలకు కొంచెము మించిన బరువు. వేయి యెద్దుల తాండా మూడువారములు నడచి, నదులుదాటి, ఎండకోర్చి తెచ్చు సరకును ఒకే గూడ్సుబండి ఒకేదినమున తెచ్చి దింపినది. ఇందులో పోటీ యనుటకేమున్నది? 1889లో రైలు బెజవాడకు పోయినది. దానితో ఉప్పుదారియును మూసికొన్నది. ఎద్దునకు దారిలో పచ్చిక ఉచితము, రైలునకు బొగ్గు కొనవలెనని చెప్పుదమన్నను, ఆ 1889లోనే ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు దొరకసాగెను.

ఈ రైళ్ళవిషయమై నగరమున గొప్ప అలజడి జరుగకపోలేదు. 1883లో చాందా రైలు ఒప్పందము రాజ్యమునకు నష్టమని విద్యావంతులు ప్రశ్నించిరి. ఆ కారణమున అఘోరనాథ చట్టోపాధ్యాయగారిని, అనగా సరోజినీదేవి తండ్రిగారిని, ప్రభుత్వము నగరమునుండి వెడలగొట్టెను. హైదరాబాదున ప్రజాభిప్రాయ మనదగినది మొదట తల యెత్తినది అప్పుడే యని చరిత్రకారు లందురు. మెచ్చదగినదే. కాని ఆ వాదమంతయు వాటాలు, వడ్డీ, లండను కంపెనీ యను మాటలపై నడచినది. పెరికెద్దులవా డేమగునను ప్రశ్న ఆ వాదమున మాకు కానరాదు. అది అడుగవలసినవాడు అప్పుడు నగరమున లేడు. తాండాతో దారిలో నుండెను.

ఏడాదికి ఏడాది ఎద్దులు తగ్గినవి. ఊరువిడిచి ఊరు తిరుగుటయే జీవనమైనవారు అడవియంచుల నిలిచిపోయిరి. కొందరు పశువుల నమ్మకముతోను, కొందరు దొరల పొలములలో పాలేర్లుగాను, కొందరు కట్టెలమోపులతోను బ్రతికిరి. కొందరు దారిదోపిడికి దిగిరి. ఈ కడపటిమాట మన సంచికలలో ఎన్నడును వ్రాయరు. వ్రాయకపోవుటవలన మన శత్రువులు వ్రాసినదే నిలిచియున్నది. ఆకలికి దొంగిలినవారు కొందరు. దొంగలజాతియని పేరుపడినది అందరకు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టము చేసెను. మొదట ఉత్తరదేశమునకు, 1911 చట్టముతో ఆంగ్లపాలితదేశమంతటికిని అది విస్తరించినది. దాని ప్రకారము మనుష్యుడు చేసిన పనిని బట్టి గాక, పుట్టిన కులమును బట్టి పోలీసుపుస్తకమున పేరెక్కును. ఊరుదాటుటకు అనుమతి కావలెను. పెక్కుచోటుల మన తాండాలును ఆ పుస్తకములకెక్కెను. నిజాముప్రభుత్వమును ఆ త్రోవనే పట్టెను. తిరుగుటయే వృత్తియైన జాతికి తిరుగుటయే నేరమైనది. 1803లో వెల్లస్లీ సేనకు ధాన్యము మోసిన వారి మనుమలు 1871 నాటికి అనుమానితులైరి. నడుమ గడచినవి అరువదియెనిమిది సంవత్సరములు మాత్రమే. ఆ చట్టము స్వతంత్రము వచ్చిన అయిదేండ్లకు, 1952 ఆగస్టు 31న తొలగినది.

ఇక నగరమువైపు మరలుదము. 1901 జనాభాలెక్కలలో హైదరాబాదు, శివారులతో కూడ, సుమారు 4,48,000 జనులతో కలకత్తా, బొంబాయి, మద్రాసుల తరువాత దేశమున నాలుగవ నగరము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినది; సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. వెంటనే ప్లేగు. వరదల నాపుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు సూచించిన జలాశయములు ఉస్మానుసాగరు (1920), హిమాయతుసాగరు (1927) అను పేరుల ముగిసినవి. 1912లో నగరాభివృద్ధిసంఘ మేర్పడి ఇరుకువాడలను పడగొట్టి వెడల్పు వీథులు వేసినది. ఇవన్నియు నిజాముగారి ధనముతో జరిగినవే, మంచివే. కాని మంచినగర మనగా నెట్లుండవలెనను ఊహ దండుపేటనుండి వచ్చినది: తిన్నని వీథి, దూరదూరముగ ఇండ్లు, గాలికి ఎత్తుప్రదేశము. పాతబస్తీలో నవాబుల దేవిడీ ఎత్తైనగోడల నడుమ నుండెడిది. దానిని ఆనుకొని నౌకర్లు, నేతగాండ్రు, వంటవాండ్రు, భిస్తీలు అందరును ఒకే గల్లీలో నుండెడివారు. కొత్తరీతి బంగళాకు చుట్టును తోట, దాని చుట్టును ప్రహరీ, నౌకరు వెనుకవాకిట. శ్రీమంతులు ఒక్కొక్కరే నది దాటి ఉత్తరమునకు, పడమరకు నడచిరి.

పైగా అమీరుల పేర వెలసిన అమీర్‌పేట, నిజామలీఖాను కుమార్తె బషీరున్నిసా బేగమునకు కట్నముగా వచ్చిన బేగంపేట, ఆ ప్రక్కన సోమాజిగూడ ఇట్లు పెరిగినవి. 1897లో రొనాల్డు రాసు దోమవలన చలిజ్వరము వ్యాపించునను సంగతిని కనుగొన్నది బేగంపేటలోనే. ఇంగ్లండున చదివివచ్చిన నవాబు జఫర్‌జంగు 1901లో నెలకొల్పిన నిజామియా నక్షత్రశాల కొలదికాలమునకే అమీర్‌పేట బేగంపేటల సరిహద్దున చేరినది. జాగీర్దారుల బిడ్డలకై 1923లో బేగంపేటలో ఒక కళాశాల తెరచిరి. పంజాగుట్ట ప్రక్కన ఎఱ్ఱమన్ను దిబ్బపై నవాబు ఫక్రుల్‌ముల్కు కట్టించిన ఇఱ్ఱంమంజిలు పూర్వమే యుండెను. ఆ భవనమును పడగొట్టి శాసనసభ కట్టవలెనను ప్రభుత్వ నిర్ణయమును 2019లో హైకోర్టు కొట్టివేసినది. సంతోషమే. నవాబుగారిది సున్నము, ఇటుక గనుక దానిని నిలుపుడని న్యాయస్థానమున వాదించుటకు వీలైనది. తాండా గుడిసెకు అట్టి వాదము చేయుటకు దాని కుంచ్చెడు బూడిదయైన మిగులవలెను గదా.

పంజాగుట్టకు పడమరనున్న రాతికొండలపై అప్పటికి మేడలు లేవు. నల్లని బండలు, సీతాఫలపు పొదలు, వానకాలమున పచ్చిక. అక్కడ మన లంబాడీకుటుంబములు గుడిసెలు వేసికొని పశువులను మేపికొనుచుండెను. నగర పురపాలనోద్యోగములలో ప్రసిద్ధుడైన నవాబు మెహదీ నవాజ్‌జంగు ఆ బండలను పగులగొట్టక, వానినే గోడలుగ కలుపుకొని ఒక ఇల్లు కట్టి, అచ్చటి మనవారి గౌరవార్థము దానికి బంజారాభవనమని పేరిడెను. ఆ పేరే కొండలకంతకును వ్యాపించినది. 1933లో హైదరాబాదునకు వచ్చిన రవీంద్రనాథ ఠాగూరుగారు ఈ కొండలపై బసచేసి వీనిపై నొక పద్యము వ్రాసిరి. మెహదీ నవాజ్‌జంగు తరువాత హైదరాబాదు మంత్రివర్గమునను ఉండి, 1960లో గుజరాతు మొదటి గవర్నరయ్యెను. నగరమున పేదరోగుల కాన్సరుఆసుపత్రి ఆయన పేరనే యున్నది.

ఆయనపై మాకు గౌరవమే. జాతి యంతయు పోలీసుపుస్తకమున నున్న దినములలో, ఒక పెద్దమనుష్యుడు తన ఇంటికి ఆ జాతి పేరు పెట్టుట చిన్నపని గాదు. అయినను ఒక్కమాట చెప్పక తీరదు. పేరు పెట్టుటతో ఆ కొండ అందరకును అందమైనది; అందమైనందున కొనదగినదైనది. బంగళాల వెంట దారులు, దారుల వెంట అంకెలు వచ్చినవి. రోడ్డు నంబరు ఒకటి, రోడ్డు నంబరు పండ్రెండు అని నేటికిని పిలుచుచున్నారు. దారులకు అంకెలే చాలినవి. ఆ రాళ్ళు కొట్టినవారిలో, తట్టలు మోసినవారిలో అద్దాల రవికల మన ఆడువారు ఎందరో కలరు.

ఈ కొండలన్నియు మన పట్టాభూములే, మోసముతో లాగికొనిరి అని మనలో కొందరు ఆవేశముతో చెప్పుదురు. మే మట్లు చెప్పము. పట్టా యనునది నిలిచి దున్నువానికి ఇచ్చు కాగితము. మేపుకొనువానికి, మజిలీ చేయువానికి పాతకాలమున కాగితముతో పనిలేదు. వాడుకయే వాని హక్కు. వానలు పడినపుడు ఇచ్చటకు వచ్చుదుము, ఎండలకు పోవుదుము, మరల వచ్చుదుము: ఇది అందరును ఎఱిగిన హక్కు. కొలతగొలుసు, సర్వేనంబరు, రిజిస్ట్రీ యను పద్ధతులు బలపడిన నగరమున ఆ హక్కునకు గడి లేదు. షేక్‌పేట గ్రామలెక్కలయందు రాయికి నంబరున్నది, పచ్చికకు లేదు. కాబట్టి మనము పోగొట్టుకొన్న కాగిత మేదియు లేదు. కాగితము లేనిదాని నంతయు లెక్కలోనికి రానీయని రీతి వచ్చినది. ఈ భేదము తెలియక మనము పత్రములకై వెదకి, దొరకక, సిగ్గుపడి ఊరకున్నాము.

స్వతంత్రము తరువాతి చరిత్ర మీ అందరకును తెలిసినదే. 1976 చట్టముతో తెలంగాణా లంబాడీలు షెడ్యూల్డు తెగల పట్టికలో చేరిరి. హాస్టళ్ళు, చదువులు, ఉద్యోగములు, గిరిజనులలో పెద్దసంఖ్య, శాసనసభాసభ్యత్వములు, తాండా పంచాయతీలు అన్నియు ఆ పిమ్మట వచ్చినవి. బంజారాహిల్సున బంజారా కొక గది లేదని మన పెద్దలు సభసభలోను అనుచుండిరి. 2022 సెప్టెంబరు 17న ప్రభుత్వము ఆ కొండలపైననే సేవాలాల్ బంజారాభవనమును, దాని చెంత కుమురం భీం ఆదివాసీభవనమును తెరచినది. నవాబుగారి బంజారాభవనమునకును దీనికిని నడుమ ఇంచుమించు ఒక తరముపైన రెండు తరములు గడచినవి. మొదటిదానికి మన పేరు మాత్ర ముండెను. దీనికి తాళముచెవియు మన చేతనున్నది.

ఆ భవనమున మన పూర్వుల లదేణిని తెలుపు వస్తువులు కొన్నియైన చేర్చి యుంచవలెనని కార్యవర్గమునకు మేము మనవి చేసితిమి, వారును సమ్మతించిరి. కావున మహాసభకు వచ్చు నాయకులు, కారోబారులు తమ తాండాలలో పాతగోణె గాని, ఎద్దు మెడగంట గాని, హటాడియాకు కప్పిన గుడ్డ గాని, దాటిన రేవుల, దిగిన మజిలీల పేర్లు చెప్పగల ముదుసలి గాని యున్నచో వెంట తీసికొనిరాగోరుచున్నాము. వస్తువులకు రసీదు ఇయ్యబడును. ముదుసలివారికి రానుపోను చార్జీలును బసయు పోషకుల ఉదారతవలన ఏర్పాటైనవి.